మూకుడులో మిగిలింది: టెక్సాస్ తెల్ల గ్రేవీతో నా అనుభవం

రాత్రి డ్యూటీ దిగి బయటికి వచ్చేసరికి ఉదయం ఏడున్నర అయ్యేది. ఫోర్ట్ వర్త్‌కి పడమటి వైపు, ఇంటర్‌స్టేట్ 20 దారిలో ఒక చిన్న ఊళ్ళో నర్సుగా చేస్తున్నాను. ఇంటికి వెళ్ళే దారిలో ఒక పాత హోటలు ఉండేది. పశువులు పెంచే రైతులు, లారీలు తోలేవాళ్ళు, మాలాంటి నైట్ డ్యూటీవాళ్ళు, ఆ వేళకి అక్కడ కనిపించేది మేమే. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళతో ఆ బల్ల దగ్గర కూలబడితే పళ్ళెం నిండా పరుచుకున్న వేపుడు ముక్క వచ్చేది. దాని మీద గరిటెడు తెల్లటి గ్రేవీ, గ్రేవీలో నల్లగా మిరియాల పలుకులు. చికెన్ ఫ్రైడ్ స్టీక్ అంటారు. పేరులో చికెన్ ఉందిగాని అందులో కోడి లేదు. కోడిని వేయించే పద్ధతిలో మైదా, గుడ్డు పట్టించి వేయించిన పెద్దకూర, అంటే గొడ్డు మాంసం ముక్క అది.

మాది డోర్నకల్. మా ఇంట్లో పెద్దకూర క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వండే కూర. ఎక్కువైన మాంసాన్ని అమ్మ సన్నగా కోసి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండబెట్టి తునకలు చేసి దాచేది. కాబట్టి ఆ పళ్ళెంలో మాంసం నాకు కొత్త కాదు. కొత్తది గ్రేవీ. కారం లేదు, పసుపు లేదు, అల్లంవెల్లుల్లి లేదు. పాలు, మైదా, నూనె, ఉప్పు, మిరియాలు. అంతే. ఇంత తక్కువ సరుకుతో అంత రుచి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు చాలాకాలం అంతు చిక్కలేదు.

2020 మార్చిలో టెక్సాస్‌లో హోటళ్ళలో కూర్చుని తినడం ఆపేశారు. ఆ నెలల్లో మా వార్డులో ఎలా గడిచిందో ఇక్కడ రాయను. డ్యూటీ దిగాక కాసేపు కూర్చునే ఆ బల్ల లేకపోవడం మాత్రం నన్ను అనుకున్నదానికంటే ఎక్కువ బాధపెట్టింది. ఆంక్షలు ఎత్తేశాక కూడా ఆ హోటలు మళ్ళీ తెరవలేదు. తలుపు మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. ఆ కాగితం చదివిన రోజే ఇంట్లో చేసుకుందామని నిర్ణయించుకున్నాను.

ముందు దుకాణంలో దొరికే పొడి ప్యాకెట్ తెచ్చాను. నీళ్ళు పోసి మరిగిస్తే గ్రేవీ అయిపోతుందని రాసి ఉంది. అయింది కూడా. ఉప్పు తెలిసింది, పొడి వాసన తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. మా అబ్బాయి రెండు ముద్దలు తిని, "అమ్మా, ఇది అది కాదు" అన్నాడు. వాడు పుట్టింది ఇక్కడే. స్కూల్లో, స్నేహితుల ఇళ్ళల్లో ఆ గ్రేవీ తింటూ పెరిగినవాడు. వాడి మాట నమ్మాను.

రెండోసారి ప్యాకెట్ లేకుండా మొదలుపెట్టాను. స్టీకులు వేయించి పక్కన పెట్టి, నూనె పారబోసి, మూకుడు శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. వేరే గిన్నెలో వెన్న కరిగించి, మైదా వేసి, పాలు పోసి కలిపాను. చిక్కబడింది. తెల్లగా, నున్నగా చూడటానికి ముచ్చటగానే ఉంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం ఉత్త మైదా జావ. ఉప్పు పెంచాను, మిరియాలు పెంచాను, జావ ఘాటెక్కిందే తప్ప గ్రేవీ కాలేదు.

మా వార్డులో నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దావిడ ఒకరు ఉండేవారు. పశ్చిమ టెక్సాస్‌లో లమీసా అనే ఊరి దగ్గర పత్తి చేలల్లో పెరిగిన మనిషి. చికెన్ ఫ్రైడ్ స్టీక్ మా ఊళ్ళోనే పుట్టిందని లమీసా చెప్పుకుంటుంది, ఏటా ఉత్సవం కూడా చేస్తుంది. 2011లో టెక్సాస్ ప్రతినిధుల సభ అక్టోబర్ 26ని చికెన్ ఫ్రైడ్ స్టీక్ దినంగా ప్రకటించింది. పక్కనున్న ఓక్లహోమా ఇంకా ముందే, 1988లో, దీన్ని తమ రాష్ట్ర అధికారిక భోజనంలో చేర్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్‌కి వచ్చి స్థిరపడ్డ జర్మన్, ఆస్ట్రియన్ కుటుంబాలు తమ ష్నిట్జెల్‌ని, అంటే పల్చగా కొట్టి పిండి పట్టించి వేయించే మాంసం ముక్కని, ఇక్కడి గట్టి గొడ్డు మాంసంతో చేసుకోగా ఇది పుట్టిందని ఎక్కువమంది అంటారు. ఈ కథలన్నీ నాకు చెప్పింది ఆవిడే. పుట్టుక గురించి వాదన వస్తే మాత్రం నవ్వి ఊరుకునేవారు. "ఎవరు కనిపెడితే ఏంటి హనీ, మా అమ్మ ప్రతి ఆదివారం చేసేది" అనేవారు.

ఒక రాత్రి రెండింటికి కాఫీ తాగుతూ నా జావ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ ఉప్పు గురించి అడగలేదు, పాల గురించి అడగలేదు.

"మాంసం వేయించిన మూకుడు ఏం చేశావు?"

"కడిగేశాను."

ఆవిడ కప్పు బల్ల మీద పెట్టేశారు. "గ్రేవీని కడిగేశావు" అన్నారు మెల్లగా.

నాకు ఒక్కసారిగా డోర్నకల్‌లో మా వంటిల్లు కళ్ళ ముందుకొచ్చింది. అమ్మ వేపుడు గిన్నెలోకి తీసేశాక, మూకుడు అడుగున, అంచుల వెంట గీకితే ఊడే మసాలా, ఎర్రటి నూనె మిగిలేవి. అందులో వేడి అన్నం వేసి మూకుడంతా తుడిచినట్టు కలిపేది. ఆ మూకుడు అన్నం కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. కూరకంటే అదే రుచి. ఆ రుచి ఎక్కడుంటుందో తెలిసిన ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చి మూకుడు కడిగేశాను. టెక్సాస్‌వాళ్ళు అన్నం బదులు పిండీ పాలూ పోసి ఆ మూకుడునే తుడుచుకుంటున్నారు.

అక్కడినుంచి గ్రేవీ అంటే నాకు అడుగున పట్టినదాన్ని పాలలోకి దింపడం. ఇదొక్కటి పట్టుబడితే మిగిలినదంతా చేతి అలవాటు. ఆ అలవాటు రావడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది.

స్టీకుల సంగతి త్వరగా చెప్తాను. ఇక్కడి దుకాణాల్లో క్యూబ్ స్టీక్ పేరుతో దొరుకుతాయి. పశువు వెనక తొడ భాగంలోని గట్టి మాంసాన్ని పళ్ళున్న యంత్రంలోంచి నొక్కి తీస్తారు, అందుకే ముక్క మీద చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. ముక్కలకి ఉప్పు, మిరియాలు పట్టించి, ముందు మైదాలో, తర్వాత గుడ్డూ మజ్జిగా గిలక్కొట్టిన దాంట్లో, మళ్ళీ మైదాలో దొర్లిస్తాను. ఇక్కడి మజ్జిగ మన పల్చటి మజ్జిగలా ఉండదు, చిలికిన పెరుగంత చిక్కగా ఉంటుంది. దొర్లించిన ముక్కల్ని ఒక పావుగంట జల్లెడలాంటి స్టాండు మీద వదిలేయాలి. పిండి తడి పీల్చుకుని ముక్కని పట్టుకుంటుంది, వేయించేటప్పుడు ఊడిపోదు. బరువైన పోత ఇనుము మూకుడులో అర అంగుళం నూనె, 175 డిగ్రీల సెల్సియస్ వేడి, వైపుకి మూడు నాలుగు నిమిషాలు. అయిపోయింది.

ఇక గ్రేవీ. ఆవిడ మాట విన్నాక చేసిన మొదటిసారి మూకుడు కడగలేదు సరికదా, నూనెలో ఉన్నదంతా అలాగే ఉంచేశాను. నాలుగు స్టీకులు ఒకదాని తర్వాత ఒకటి వేయించేసరికి వాటి నుంచి రాలిన పొడి పిండి అడుగున నల్లగా మాడింది. అదీ రుచే అనుకున్నాను. పాలు పోశాక గ్రేవీ బూడిద రంగుకి తిరిగింది, నాలిక మీద చేదు నిలిచింది. ఆ చేదు ఏం వేసినా పోదు. చక్కెర వేసి చూశాను, ఇంకా పాడయింది. మొత్తం పారబోయాల్సి వచ్చింది. అర లీటరు పాలు సింకులోకి పోతుంటే చాలా బాధేసింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గోధుమరంగుకీ నలుపుకీ మధ్య తేడా నిమిషం కూడా ఉండదు. అడుగున గోధుమరంగులో పట్టినది రుచి, నల్లబడ్డది చేదు. నల్లబడకుండా ఉండాలంటే ముక్కని నూనెలో వేసే ముందు రెండు చేతులతో పట్టుకుని దులపాలి, వదులుగా ఉన్న పిండి గిన్నెలోనే రాలిపోతుంది. ప్రతి రెండు ముక్కలకీ మధ్య చిల్లుల గరిటెతో నూనెలో తేలే రేణువుల్ని తీసేస్తాను. మంట కూడా ఎప్పటికప్పుడు చూసుకోవాలి, ఎందుకంటే పోత ఇనుము ఒకసారి వేడెక్కితే త్వరగా దిగదు. అన్నీ అయ్యాక నూనెని సన్నటి జల్లెడలోంచి ఒక గిన్నెలోకి వంచుతాను. మూకుడు అడుగున అంటుకున్న గోధుమరంగు పొరని ముట్టుకోను. జల్లెడలో నిలిచిన పలుకుల్లో బంగారు రంగువి, కరకరలాడేవి ఏరి మూకుడులో వేస్తాను. నల్లవి చెత్తలోకి.

మళ్ళీ మూకుడులో పావు కప్పు నూనె. ఇక్కడి కప్పు 240 మిల్లీలీటర్లు, అంటే 60 మిల్లీలీటర్ల నూనె. దానికి సమానంగా పావు కప్పు మైదా. మంట మధ్యస్థంగా పెట్టి పిండిని నూనెలో చల్లుతూ, తీగల గరిటెతో అడుగు గీకుతూ కలపాలి. ఆవిడని కొలతలు అడిగితే "చూస్తే తెలుస్తుంది" అనేవారు. మా అమ్మా అంతే, ఉప్పెంత అని అడిగితే "సరిపడా" అంటుంది. నాకు మాత్రం మందుల మోతాదు రాసుకునే అలవాటు ఉంది. అందుకే ప్రతిసారీ కొలిచి, నోటుబుక్కులో రాసి, ఎలా వచ్చిందో పక్కన రాశాను. నాలుగు స్టీకులకి ఆ పావు కప్పుల కొలత కుదిరింది.

నూనెలో వేసిన పిండి తడి ఇసుకలా ఉండాలి. నూనె పైకి తేలితే ఇంకో చెంచా పిండి, పొడిపొడిగా ముద్దలు కడితే ఇంకో చెంచా నూనె. తర్వాత రెండు మూడు నిమిషాలు ఆపకుండా వేయించాలి. ఒకసారి ఆకలి మీదుండి ఈ వేయింపు తొందరగా ముగించాను. గ్రేవీ చిక్కగా, తెల్లగా వచ్చింది గాని ప్రతి ముద్దలోనూ పచ్చిపిండి వాసన. ఎంత మరిగించినా తగ్గలేదు. శనగపిండి పచ్చిగా ఉన్న మజ్జిగపులుసు తిన్నవాళ్ళకి ఆ వాసన తెలుస్తుంది. పచ్చిదనం పోయిందని ముందు ముక్కుకే తెలుస్తుంది. వేయించిన గోధుమపిండి కమ్మదనం వస్తుంది, రంగు లేత గంధంలా మారుతుంది. అక్కడ ఆపాలి. ఇంకా ఎర్రగా వేయిస్తే అది గోధుమరంగు గ్రేవీకి పనికొస్తుంది. పైగా పిండి ఎర్రబడే కొద్దీ చిక్కబరిచే శక్తి తగ్గిపోతుంది, అప్పుడు అదే కొలతకి గ్రేవీ నీళ్ళగా వస్తుంది.

తర్వాత పాలు. రెండున్నర కప్పుల చిక్కటి పాలు పొయ్యి పక్కనే సిద్ధంగా ఉండాలి, ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీసి పెట్టుకుంటాను. మొదట అర కప్పు పోయగానే బుస్సుమని పొంగి, పిండంతా ఒక్కసారిగా ముద్దలా బిగుసుకుంటుంది. మొదటిసారి అది చూసి చెడిపోయిందని పొయ్యి ఆర్పేశాను. చెడిపోలేదు, అది అలాగే బిగుసుకుంటుంది. భయపడకుండా కలుపుతూ ఇంకో అర కప్పు పోస్తే ముద్ద వదులవుతుంది, ఇంకో అర కప్పుకి జారుగా మారుతుంది. అప్పుడు మిగతా పాలు ధారగా పోసుకోవచ్చు.

ఉండలు ఎందుకు కడతాయో రాగి సంకటి కలిపిన చేతులకి బాగా తెలుసు. వేడి నీళ్ళలో పొడి పిండి పడితే ఉండ పైపొర ముందు ఉడికి మూసుకుంటుంది, లోపల పిండి పొడిగానే ఉండిపోతుంది. జావకి మనం పిండిని ముందే చల్లటి నీళ్ళలో కలిపి పోస్తాం కదా. ఇక్కడ ఆ పని నూనె చేస్తుంది. పిండి రేణువు చుట్టూ నూనె పట్టి ఒకదానికొకటి అంటుకోనివ్వదు, పాలు పోయగానే రేణువులు విడివిడిగా తడుస్తాయి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక అవి ఉబ్బడం మొదలవుతుంది, పూర్తిగా చిక్కబడాలంటే బుడగలు వచ్చేదాకా ఆగాలి. అందుకే పాలు పోసిన నిమిషానికే పల్చగా ఉందని ఇంకో చెంచా పిండి వేయకూడదు. నేను అలా రెండుసార్లు వేశాను. అయిదు నిమిషాల తర్వాత గరిటె నిలబడేంత గట్టిపడింది.

బుడగలు రావడం మొదలయ్యాక మంట తగ్గించి, అడుగు అంటకుండా కలుపుతూ అయిదారు నిమిషాలు ఉడికిస్తాను. పక్క గదిలో ఫోను మోగినా వెళ్ళను. పాలు ఉన్న ఏ వంటయినా మనిషిని పొయ్యి దగ్గర కట్టేస్తుంది, మా ఇంట్లో పరమాన్నం కాచే రోజున అమ్మ ఎవరు పిలిచినా పలికేది కాదు. అడుగున పట్టిన గోధుమరంగు పొర ఈ అయిదు నిమిషాల్లోనే కరిగి పాలలోకి దిగుతుంది. గ్రేవీ సున్నం తెలుపులోంచి మీగడ రంగుకి మారుతుంది. ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. నాకు ఈ పనంతట్లోకీ ఇష్టమైన క్షణం అదే.

పాకం చూసినట్టే దీనికీ ఒక గుర్తు ఉంది. గరిటె వెనకవైపు ముంచి తీసి, దాని మీద వేలితో గీత గీస్తే గీత నిలవాలి, అంచులు కారకూడదు. అయినా నేను ఇంకొంచెం పల్చగా ఉండగానే దించేస్తాను, పళ్ళెంలోకి చేరేలోపు అది ఇంకా చిక్కబడుతుంది. గట్టిపడితే చెంచా చెంచాగా వేడి పాలు పోసుకోవచ్చు. పల్చగా అయితే కాసేపు మరిగిస్తే సరి. పిండి జోలికి మాత్రం మళ్ళీ వెళ్ళకూడదు.

ఉప్పు చివర్లో వేస్తాను. వేపుడు పిండిలో ఉన్న ఉప్పు మూకుడులోకి దిగి ఉంటుంది కాబట్టి ముందే వేస్తే ఎక్కువవుతుంది. అర చెంచా వేసి రుచి చూసి, ఇంకో పావు చెంచా. పాలు ఉప్పుని చాలా దాచుకుంటాయి, అందుకని చెంచాతో విడిగా కాకుండా స్టీకు చిన్న ముక్క ముంచి చూసుకుంటేనే సరైన అంచనా దొరుకుతుంది. మిరియాలు దించే ముందు వేయాలి, పొడి బరకగా ఉండాలి. మెత్తటి పొడి గ్రేవీ అంతా పాకి రంగు మారుస్తుంది, బరకది పంటి కింద పడి ఘాటు తెలుస్తుంది. ఇంట్లో రోట్లో అప్పటికప్పుడు దంచి వేస్తాను, నిండు చెంచాన్నర. వెల్లుల్లి పొడి, మిరపపొడి వేసేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. నేనూ ఒకసారి పచ్చిమిర్చి చీరి వేశాను, ఒకసారి ధనియాల పొడి. బాగానే ఉన్నాయి గాని మూకుడు రుచి కిందికి వెళ్ళిపోయింది. అన్నీ వేసే వంటలు నాకు చాలా ఉన్నాయి. దీన్ని దీనిలాగే ఉండనివ్వాలని నా అభిప్రాయం.

స్టీకు మీద పోయాలా, పక్కన పెట్టాలా అన్నదాని మీద ఇక్కడ ఇళ్ళల్లో నిజంగా వాదనలు జరుగుతాయి. మా ఆయన పక్కనే పెట్టమంటారు, కరకర పోతుందని. నేను తినడానికి కూర్చునే ముందు సగం మీద పోసుకుంటాను. తడిసి మెత్తబడ్డ సగం, కరకరలాడే సగం, రెండూ కావాలి నాకు. పక్కన మెత్తగా చిదిమిన బంగాళదుంప ఉండాలి, దాని మధ్యలో గుంట చేసి గ్రేవీ నింపుకోవాలి.

నోటుబుక్కులో పదకొండోసారి అని రాసిన రోజున మా పెద్దావిడని భోజనానికి పిలిచాను. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. వంటింట్లోకి వచ్చి ముందు మూకుడు చూశారు. అడుగున ఏమీ మిగలకుండా, గీకినట్టు నున్నగా ఉంది. ఏమీ అనలేదు, వెళ్ళి కూర్చున్నారు. మొదటి ముద్ద నెమ్మదిగా నమిలారు. రెండోసారి గ్రేవీ వడ్డించుకున్నారు. మూడోసారి గిన్నె తన వైపు లాక్కుని, రొట్టె ముక్కతో పళ్ళెం తుడుచుకుంటూ, "మిరియాలు ఎక్కడ కొన్నావు?" అని అడిగారు. కేరళ మిరియాలని, ఇండియన్ దుకాణంలో కొని ఇంట్లోనే దంచానని చెప్పాను. వెళ్ళేటప్పుడు ఒక సీసాలో పోసి ఇచ్చాను.

ఆ రాత్రి కప్పున్నర గ్రేవీ మిగిలింది. ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి హల్వాలా గడ్డకట్టింది. చిన్న మంట మీద పెట్టి, పావు కప్పు పాలు పోసి గరిటెతో నొక్కుతూ కలిపితే మెల్లగా మళ్ళీ వదులైంది. స్కూలు బస్సుకి ఇంకా పది నిమిషాలు ఉంది. మా అబ్బాయి కాల్చిన రొట్టె మీద పోసుకుని నిలబడే తినేసి, బ్యాగు భుజానికి తగిలించుకుని వెనక్కి వచ్చాడు. రొట్టె అంచుతో మూకుడు చుట్టూ తుడిచి నోట్లో పెట్టుకుని పరిగెత్తాడు.